హోమ్ కేర్ డబ్బుతో షుగర్, బీపీ క్లాసులు నడపడం ఎలా: మసాచుసెట్స్‌లో ఉన్న తెలుగువాళ్ళకి

ఆరు వారాల క్లాసు పూర్తయ్యాక బిల్లు పంపించాను. పదకొండు మంది పెద్దవాళ్ళు వచ్చారు. వాళ్ళలో నలుగురికి ప్రభుత్వ హోమ్ కేర్, అంటే ఇంటికి వచ్చి చేసే సాయం, ఉంది, మేం నడిపింది కూడా ఆ ప్రోగ్రాం డబ్బిచ్చే రకం క్లాసే. అయినా ఒక్క డాలరు రాలేదు. వీళ్ళ కేర్ ప్లాన్‌లో, అంటే ఎవరికి ఏ సేవ ఇవ్వాలో రాసే కాగితంలో, ఈ సేవ రాసి లేదు, వెనక్కి వెళ్ళి రాయడం కుదరదు అన్నారు హోమ్ కేర్ ఆఫీసువాళ్ళు. తప్పు నాదే. ముందు హాలు బుక్ చేసి, వాట్సాప్‌లో ఫ్లయర్ పంపి, క్లాసు నడిపేసి, డబ్బు సంగతి చివర్లో చూసుకుందాం అనుకున్నాను.

హోమ్ కేర్ డబ్బు క్లాసుకిచ్చే గ్రాంటు కాదు. ఫలానా మనిషికి ఫలానా సేవ అని కేర్ ప్లాన్‌లో రాసి ఉంటేనే కదులుతుంది. అందుకే ఈ పని మనిషి దగ్గర మొదలుపెట్టాలి, హాలు దగ్గర కాదు. కింద చెప్పిన వరసంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది. ఇది మసాచుసెట్స్ పద్ధతి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఆఫీసుల పేర్లు, వాళ్ళు కొనే సేవలు మారతాయి. అక్కడివాళ్ళు 1-800-677-1116కి ఫోన్ చేస్తే తమ ఊరి ఏజింగ్ ఏజెన్సీ (పెద్దవాళ్ళ సేవలు చూసే సంస్థ) ఏదో చెబుతారు.

1. ఏ క్లాసుకి డబ్బు వస్తుందో ముందు తెలుసుకోండి

గుడి హాల్లో కార్డియాలజిస్టుగారు వచ్చి గంట మాట్లాడి, తర్వాత సమోసాలు, టీ. ఇది మంచి కార్యక్రమమే కానీ దీనికి ఎవరూ డబ్బివ్వరు. ప్రభుత్వం డబ్బిచ్చేది పరిశోధనలో ఫలితం చూపించి, ఒక పద్ధతి ప్రకారం నడిచే క్లాసులకి.

వాటిలో అందరికన్నా ముందు చెప్పుకునేది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ బృందం తయారుచేసిన క్రానిక్ డిసీజ్ సెల్ఫ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం. వారానికోసారి రెండున్నర గంటలు, ఆరు వారాలు. శిక్షణ తీసుకున్న ఇద్దరు లీడర్లు కలిసి నడుపుతారు. లీడర్లు డాక్టర్లో నర్సులో కానక్కర్లేదు. తమకే షుగరో కీళ్ళనొప్పులో ఉన్న మామూలు మనుషులైతే ఇంకా మంచిది. 950 మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. క్లాసుకి వెళ్ళినవాళ్ళు వెళ్ళనివాళ్ళ కన్నా ఆరోగ్యంగా ఉన్నారని, ఆసుపత్రిలో తక్కువ రోజులు గడిపారని అందులో తేలింది. 2017 నుంచి దీని లైసెన్సులు సెల్ఫ్ మేనేజ్‌మెంట్ రిసోర్స్ సెంటర్ అనే సంస్థ ఇస్తోంది. షుగరుకి, దీర్ఘకాలం ఉండే నొప్పులకి విడిగా ఇలాంటి క్లాసులే ఉన్నాయి.

క్లాసులో జరిగేది పాఠం కాదు. ప్రతివారం ప్రతి ఒక్కరూ ఒక పని ఒప్పుకోవాలి. “ఈ వారం మూడు రోజులు, మధ్యాహ్నం భోజనం అయ్యాక పావుగంట నడుస్తాను” లాంటిది. చేయగలనన్న నమ్మకం పదికి ఎంత అని అడుగుతారు. ఏడు కన్నా తక్కువ చెబితే పనిని తగ్గించుకోమంటారు. వచ్చే వారం అందరి ముందూ చేశానో లేదో చెప్పాలి. మనవాళ్ళకి ఇది భలే పట్టుకుంటుంది. కొడుకు చెబితే వినని పెద్దాయన, పక్క కుర్చీలో ఉన్న మామ్మగారి ముందు మాట పోతుందని నడుస్తాడు.

2. ఒక కాగితం తీసుకుని మనుషుల్ని డబ్బు దారుల వారీగా రాయండి

ఫ్లయర్ కన్నా ముందు చేయాల్సిన పని ఇదే. వస్తామన్న ప్రతివాళ్ళ పేరు పక్కనా నాలుగు విషయాలు రాసుకోండి: వయసు, మాస్‌హెల్త్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే మెడికెయిడ్ బీమాకి మసాచుసెట్స్‌లో పేరు) ఉందా, ఇంటికి హోమ్ కేర్ మనిషి వస్తున్నారా, మెడికేర్ (ముఖ్యంగా అరవై అయిదు దాటినవాళ్ళకిచ్చే కేంద్ర ప్రభుత్వ బీమా) ఉందా. ఈ నాలుగూ తెలిస్తే ఎవరి సీటుకి డబ్బు ఎక్కడినుంచి రావచ్చో తెలుస్తుంది.

ఫ్రెయిల్ ఎల్డర్ వేవర్. అరవై దాటి, నర్సింగ్ హోంలో పెట్టాల్సినంత సాయం అవసరమై, ఇంట్లోనే ఉండాలనుకునేవాళ్ళకి మాస్‌హెల్త్ ఇచ్చే దారి ఇది. 1981లో వచ్చిన కేంద్ర చట్టం పుణ్యమా అని రాష్ట్రాలు మెడికెయిడ్ డబ్బుని నర్సింగ్ హోంకి బదులు ఇంటి సేవలకి ఖర్చుపెట్టుకోవచ్చు. ఈ వేవర్ కింద కొనగలిగే సేవల జాబితాలో “ఎవిడెన్స్ బేస్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్స్” అని ఒకటి ఉంది. మన క్లాసు దాని కిందికే వస్తుంది. ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోండి, ఫోన్లో పనికొస్తుంది. అదే జాబితాలో రవాణా కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

స్టేట్ హోమ్ కేర్. అరవై దాటినవాళ్ళకి రాష్ట్రం సొంత డబ్బుతో నడిపే ప్రోగ్రాం. ఆదాయాన్నిబట్టి కొంత వాటా కట్టించుకుంటారు. వంట, ఇల్లు శుభ్రం, స్నానం చేయించడం లాంటి సాయం మన పెద్దవాళ్ళలో చాలామందికి దీని కిందే వస్తుంది. మీ ప్రాంతపు ఏజెన్సీ ఈ ప్రోగ్రాం డబ్బుతో క్లాసులు కూడా కొంటోందా అని అడగండి.

సీనియర్ కేర్ ఆప్షన్స్. అరవై అయిదు దాటి మాస్‌హెల్త్ ఉన్నవాళ్ళు చేరే ప్లాన్. చాలామందికి మెడికేర్ కూడా ఇందులోనే కలిసి నడుస్తుంది. ఇక్కడ డబ్బు నిర్ణయం ఇన్సూరెన్స్ ప్లాన్‌ది. కానీ ఇంట్లో ఉంటున్న ప్రతి సభ్యుడికీ ఏజింగ్ ఏజెన్సీ నుంచి ఒక కోఆర్డినేటర్ ఉంటారు. ముందు వాళ్ళతో మాట్లాడండి.

టైటిల్ త్రీ-డీ. పై మూడింటిలో లేనివాళ్ళకి ఇది. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద వచ్చే డబ్బు. అరవై దాటితే చాలు, ఆదాయం చూడరు. 2016 అక్టోబరు నుంచి ఈ పద్దు డబ్బు రుజువున్న క్లాసులకే ఖర్చుపెట్టాలన్న నిబంధన ఉంది కాబట్టి మనకి సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా ఇది చిన్న పద్దు. దేశం మొత్తానికి ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్ల పైచిలుకు. అందులో మీ ఊరికి వచ్చేది ఎంతో మీరే ఊహించుకోండి. హోమ్ కేర్ దారి వెతకమని నేను ఇంతగా చెబుతున్నది అందుకే.

మెడికేర్. ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) ఈ ఆరు వారాల క్లాసుకి నేరుగా డబ్బివ్వదు. షుగరు ఉన్నవాళ్ళకి మాత్రం వేరే శిక్షణ ఇస్తుంది: డాక్టరు రాసిస్తే మొదటి ఏడాదిలో పది గంటలు, తర్వాత ఏటా రెండు గంటలు, ఖర్చులో 20 శాతం మన వాటా. దాన్ని గుర్తింపు పొందిన సంస్థలే నడపాలి. రెండింటినీ కలిపేసి గందరగోళపడకండి.

ఇక విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. వాళ్ళకి మెడికెయిడ్ దారి లేదు. ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళని వదిలేయాలనిపించదు. వాళ్ళ సీట్లకి మీ అసోసియేషన్ చందా వాడండి. గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్ళ విషయంలో కొంచెం జాగ్రత్త. పిల్లలు ఐ-864 (ఖర్చులకి మేం పూచీ అని రాసిచ్చే ఫారం) మీద సంతకం పెట్టి స్పాన్సర్ చేసి ఉంటారు కాబట్టి, కొత్తగా మెడికెయిడ్‌కి దరఖాస్తు పెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడమని చెప్పండి. క్లాసు కోసం ఎవరినీ మెడికెయిడ్‌లో చేర్పించకండి. ఉన్నవాళ్ళకి ఉన్న హక్కు వాడుకోవడమే మన పని.

3. ఫోన్ చేయాల్సింది ఎవరికి

మసాచుసెట్స్‌లో హోమ్ కేర్ నడిపేవి ఏజింగ్ సర్వీసెస్ యాక్సెస్ పాయింట్లు. అందరూ ఏసాప్ అంటారు. ప్రతి ఊరూ ఏదో ఒక ఏసాప్ కిందికి వస్తుంది. చాలాచోట్ల టైటిల్ త్రీ-డీ డబ్బు చూసేది కూడా ఆ సంస్థే, అందుకే ఒక్క ఫోన్‌తో రెండు దారులూ తెలుస్తాయి. మీది ఏదో తెలియకపోతే 1-800-243-4636.

ఫోన్ ఎత్తినవాళ్ళకి “మా తెలుగువాళ్ళకి హెల్త్ క్లాస్ పెడదామనుకుంటున్నాం” అని మొదలుపెట్టకండి. అలా అంటే కమ్యూనిటీ అవుట్‌రీచ్ చూసే మనిషికి కలుపుతారు, వాళ్ళు బ్రోషర్లు ఇస్తారు. హోమ్ కేర్ కాంట్రాక్టులు చూసేవాళ్ళని అడగండి. వాళ్ళని అడగాల్సినవి: ఎవిడెన్స్ బేస్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్స్ సేవ ఇప్పుడు కొంటున్నారా? ఎవరి దగ్గర? రేటు సెషన్‌కా, మొత్తం కోర్సుకా? క్లాసు జూమ్‌లో జరిగితే ఇస్తారా?

కొంతమంది ఉత్సాహం కొద్దీ మేమే ప్రొవైడర్‌గా, అంటే సేవ చేసి బిల్లు పెట్టే సంస్థగా, చేరతాం అంటారు. చిన్న సంఘానికి నేను ఆ సలహా ఇవ్వను. కాంట్రాక్టు, ఇన్సూరెన్సు, పనిచేసేవాళ్ళ నేరచరిత్ర తనిఖీ, లైసెన్సు, బిల్లింగు అన్నీ మెడకి చుట్టుకుంటాయి. ఇప్పటికే ఇవన్నీ ఉన్నవాళ్ళతో కలవండి. లారెన్స్ ప్రాంతపు ఏజ్‌స్పాన్, అంటే ఇంతకుముందు ఎల్డర్ సర్వీసెస్ ఆఫ్ ది మెరిమాక్ వ్యాలీ అండ్ నార్త్ షోర్, బోస్టన్‌లో పెద్దవాళ్ళ సంరక్షణ చూసే హెబ్రూ సీనియర్‌లైఫ్‌తో కలిసి హెల్తీ లివింగ్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే దాన్ని మొదలుపెట్టింది. ఇలాంటి క్లాసులని రాష్ట్రమంతా విస్తరించడమే దాని పని. మీ ఊరి కౌన్సిల్ ఆన్ ఏజింగ్‌ని (టౌన్ తరఫున పెద్దవాళ్ళ సేవలు చూసే విభాగం) కూడా అడగండి. బిల్లు వాళ్ళ పేరు మీద, మనుషులూ భాషా హాలూ మనవి. ఈ ఒప్పందం అందరికీ లాభమే. మన పెద్దవాళ్ళని చేరడం వాళ్ళకి ఎంత కష్టమో వాళ్ళకీ తెలుసు.

4. కేర్ ప్లాన్‌లో రాయించండి, క్లాసుకి ముందే

నా డబ్బు పోయింది ఇక్కడే.

హోమ్ కేర్ ఉన్న ప్రతివాళ్ళకీ ఒక కేర్ మేనేజర్ ఉంటారు. ఆ పెద్దమనిషికి ఏ సేవ, వారానికి ఎన్ని గంటలు అన్నది కేర్ ప్లాన్‌లో రాసేది వాళ్ళే. మధ్యలో మార్పు అడగొచ్చు, ఏడాది తిరిగేదాకా ఆగక్కర్లేదు. మీరు బయటివాళ్ళు కాబట్టి మీరు అడిగితే వినరు. పెద్దవాళ్ళే అడగాలి, లేదా వాళ్ళు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన కొడుకో కూతురో అడగాలి. ఆ అనుమతి కాగితం ఇంకా ఇవ్వనివాళ్ళు చాలామందే ఉంటారు. క్లాసుకి నెలన్నర ముందు దానితో మొదలుపెట్టండి.

ఏం చెప్పాలో కుటుంబాలకి నేర్పండి. “క్లాసుకి పంపిద్దామనుకుంటున్నాం” అంటే అదేదో కాలక్షేపం అనుకుంటారు. జరిగిన సంగతులు చెప్పాలి: “అమ్మకి పదిహేనేళ్ళుగా షుగర్. ఈ ఏడాది రెండుసార్లు షుగర్ పడిపోయి ఎమర్జెన్సీకి వెళ్ళాం. మాత్రలు మర్చిపోతోంది. తనంతట తాను చూసుకోవడం నేర్పే ఆరు వారాల క్లాసు ఉంది. ఎవిడెన్స్ బేస్డ్ ఎడ్యుకేషన్ కింద కేర్ ప్లాన్‌లో చేరుస్తారా?” కేర్ మేనేజర్ దగ్గరున్న అసెస్‌మెంట్‌లో (మనిషి అవసరాలు చూసి రాసుకున్న నివేదిక) ఎలాగూ ఇవే రాసి ఉంటాయి. మనం అడిగేది దానికి అతికినట్టు ఉంటే వాళ్ళకి రాయడం తేలిక.

ఒక ప్రశ్న మర్చిపోవద్దు. ఇది చేరిస్తే ఇప్పుడు వస్తున్న గంటలు తగ్గుతాయా? తగ్గేటట్టయితే వద్దనండి. స్నానం చేయించే మనిషిని పోగొట్టుకుని క్లాసుకి రావడంలో అర్థం లేదు.

చేరుస్తామన్నారంటే పని అయిపోయినట్టు కాదు. క్లాసు నడిపే సంస్థకి ఆ మనిషి పేరు మీద, మొదటి సెషన్ తారీఖుకి ముందే ఆథరైజేషన్, అంటే డబ్బిస్తామన్న ఆమోదం, రావాలి. ఆరు సెషన్లకీ రావాలి. మొదటి రోజు పొద్దున్న ఆ సంస్థకి ఫోన్ చేసి పేరుపేరునా సరిచూసుకోండి. ఆథరైజేషన్ రానివాళ్ళని వెనక్కి పంపకండి, కూర్చోబెట్టండి. కానీ ఆ సీటు చందా లెక్కలోకి వెళ్ళిందని గుర్తుంచుకోండి.

5. లెక్క వేసుకోండి

ఉదాహరణకి లీడర్ల స్టైపెండ్, పుస్తకాలు, హాలు, టీ, ప్రింట్లు అన్నీ కలిపి 1,800 డాలర్లు అనుకుందాం. 12 మంది వస్తే తలకి 150, సెషన్‌కి 25. నలుగురికి హోమ్ కేర్ ఆమోదం ఉందనుకోండి, వాళ్ళిచ్చే రేటు కూడా అదే 25 అనుకోండి. ఆరు సెషన్లకీ వస్తే 600 రావాలి. కానీ సెషన్‌వారీ రేటయితే రాని రోజుకి డబ్బు రాదు. ఆ నలుగురూ కలిపి ఆరు సెషన్లు ఎగ్గొడితే చేతికొచ్చేది 450. హాలు అద్దె మాత్రం తగ్గదు.

ఇంకో నిజం కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. వేవర్ వచ్చేది గడప దాటడం కష్టమైనవాళ్ళకి. అందుకే పన్నెండు మందిలో ముగ్గురో నలుగురో మాత్రమే ఆ దారిలో ఉంటారు. క్లాసు మొత్తం హోమ్ కేర్ డబ్బుతో నడుస్తుందని ఎవరికీ మాటివ్వకండి. మిగతా సీట్లు త్రీ-డీ, ఆ తర్వాత చందా. ఒకే సీటుకి మాత్రం రెండు చోట్ల బిల్లు పెట్టకూడదు. మీకు ఉద్దేశం లేకపోయినా అది మోసంగా కనిపించే ప్రమాదం ఉంది. పేరు పక్కన దారి ఒక్కటే రాయండి.

6. లీడర్లు, భాష

లీడర్ శిక్షణ నాలుగు రోజులు. ఇరవై ఏళ్ళుగా షుగరుతో కాపురం చేస్తున్న రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు, మోకాళ్ళ ఆపరేషన్ అయిన టీచరమ్మ, ఇలాంటివాళ్ళని వెతకండి. పట్టుకున్న ప్రతివాళ్ళకీ సలహా ఇచ్చే అలవాటున్నవాళ్ళు మాత్రం వద్దు. ఈ క్లాసులో లీడర్ సలహా ఇవ్వడు, గుంపు చేత చెప్పిస్తాడు. మెంతులు నానబెట్టి తాగండి, ఇన్సులిన్ మానేయండి అనే రకం వచ్చి చేరితే లైసెన్సుకే ముప్పు.

విజిటర్ వీసా మీదున్నవాళ్ళకి, పని అనుమతి లేనివాళ్ళకి స్టైపెండ్ ఇవ్వకండి. తర్వాత వాళ్ళ కాగితాలకే చిక్కు.

పుస్తకాన్ని, లీడర్ మాన్యువల్‌ని సొంతంగా తెలుగులోకి మార్చి వాడుకోవడం కుదరదు. లైసెన్స్ ఇచ్చేవాళ్ళ అనుమతి కావాలి. కాబట్టి మీ భాగస్వామి సంస్థ ద్వారా ముందే రాసి అడగండి. అడిగేటప్పుడు మీ గుంపులో ఇంగ్లీషు చదవలేనివాళ్ళు ఎందరో, తెలుగు కూడా చదవలేనివాళ్ళు ఎందరో అంకెతో చెప్పండి. చర్చ మాత్రం పెద్దవాళ్ళ నోట తెలుగులోనే నడుస్తుంది, ఎవరాపినా ఆగదు.

7. వచ్చేలా చూడండి

నాలుగు సెషన్లకి వస్తేనే పూర్తిచేసినట్టు లెక్క. త్రీ-డీ డబ్బిచ్చేవాళ్ళు ఈ అంకె చూస్తారు, మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

మన పెద్దవాళ్ళు ఎందుకు మానేస్తారో మనకి తెలుసు. మూడింటికి మనవడి స్కూలు బస్సు. అందుకే పదిన్నర నుంచి ఒంటిగంట దాకా పెట్టండి. చిన్నకొడుకు డల్లాస్‌లో ఉంటాడు, మూడు నెలలు అక్కడ. చేర్చుకునేటప్పుడే “ఈ ఆరు వారాలూ ఇక్కడే ఉంటారా, టికెట్లు ఏమైనా కొన్నారా” అని అడగండి. జనవరి, ఫిబ్రవరి మంచు. మేం సెప్టెంబరు మధ్యలో మొదలుపెడతాం, దసరా, దీపావళి ఎప్పుడు పడ్డాయో చూసుకుని.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కారు. డ్రైవింగ్ రానివాళ్ళే ఎక్కువ, పగటిపూట పిల్లలు ఆఫీసుల్లో. వేవర్ ఉన్నవాళ్ళకి రవాణా కూడా ఆ సేవల జాబితాలో ఉందని చెప్పాను కదా, క్లాసు రాయించేటప్పుడే అదీ అడగండి. మిగతావాళ్ళకి సీనియర్ సెంటర్ వ్యాను ఉందేమో చూడండి. మొదటిసారి మేం గుడి హాలు తీసుకున్నాం, రెండోసారి సీనియర్ సెంటర్‌కి మారాం. వ్యాను నేరుగా అక్కడికే వస్తుంది, మెట్లు లేవు. గుడి ప్రసాదం లేదని ఒకరిద్దరు నసిగారు.

8. కాగితాలు

ప్రతి సెషన్‌కీ సంతకాల షీటు. తారీఖు, మొదలైన సమయం, అయిపోయిన సమయం, ఇద్దరు లీడర్ల సంతకాలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం కోడలు సంతకం పెట్టేస్తే ఒప్పుకోకండి. ఎవరికి ఏ జబ్బుందో రాసిన ఫారాలు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపుకోవద్దు. కవర్లో పెట్టి భాగస్వామి సంస్థకి చేతికివ్వండి. ఆ వారం షీటు ఆ వారమే పంపండి. ఆరు వారాలవీ కట్టగట్టి పంపితే ఏదో ఒకదాంట్లో తప్పు దొర్లుతుంది, దిద్దుకునే వేళ దాటిపోతుంది.

ఆరో వారం అయ్యాక హోమ్ కేర్ ఉన్న ప్రతివాళ్ళ కేర్ మేనేజర్‌కీ వాళ్ళ అనుమతితో నాలుగు లైన్లు వెళ్ళాలి: ఎన్ని సెషన్లకి వచ్చారు, ఏం మొదలుపెట్టారు, ఏం ఇంకా కష్టంగా ఉంది. మా గుంపులో ఒక పిన్నిగారి గురించి అలా వెళ్ళిన ఉత్తరం చూసి, వాళ్ళ కేర్ మేనేజరే ఫోన్ చేసి తన దగ్గర ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళున్నారని, తర్వాతి క్లాసు ఎప్పుడని అడిగింది. ఈసారి హాలు ఇంకా బుక్ చేయలేదు. ముందు ఆ ముగ్గురి అనుమతి కాగితాలు తెప్పించే పనిలో ఉన్నాం.